రేవులో మొహమాటం వద్దు

చలి మొదలైతే చాలు, తెలుగు కుటుంబాల చూపు తూర్పు కనుమల వైపు మళ్ళుతుంది. విశాఖపట్నంలో రైలెక్కి సొరంగాలు దాటుకుంటూ అరకు లోయకు వెళ్ళేవారు కొందరు. గోదావరి మీద బోటెక్కి పాపికొండలు చూసి, నిర్జనమైన ఒక ఇసుక తిన్నె మీద పిల్లలను ఆడించి, సాయంత్రానికి తిరిగివచ్చేవారు మరికొందరు. ఈ రెండూ మన్యపు ప్రయాణాలే. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు అరకు కొండలు, దేవీపట్నం వైపు గోదావరి కొండలు ఒకే జిల్లాలోకి వచ్చాయి కూడా.

అయితే ఈ రెండు ప్రయాణాలలో ప్రయాణికుని బాధ్యత ఒకే తీరుగా ఉండదు. రైలెక్కినవాడు పట్టాలనూ సిగ్నళ్ళనూ పరీక్షించడు. ఆ పనికి వేరే మనుషులున్నారు, వారి పనిని తనిఖీ చేసేవారూ ఉన్నారు. నదీ విహారంలో మాత్రం ఎంతమందిని ఎక్కించారో, జాకెట్లు కట్టారో లేదో, ఆకాశం ఎలా ఉందో రేవులో నిలబడిన కుటుంబమే తన కళ్ళతో చూసుకోవలసి ఉంటుంది. చూడటమే కాదు, చూసింది సరిగా లేకపోతే నోరు విప్పి చెప్పవలసి ఉంటుంది. ఈ నెల మన ముచ్చట ఆ నోరు విప్పడం గురించే.

ఒక పగటి ప్రయాణం

పాపికొండల విహారం ఎలా సాగుతుందో తెలియనివారి కోసం క్లుప్తంగా చెప్పుకుందాం. రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చేవారు ఉదయాన్నే రోడ్డు మార్గాన గోదావరి ఎగువ రేవులకు చేరుకుని అక్కడ బోటెక్కుతారు. భద్రాచలం వైపు నుంచి వచ్చేవారికి వి.ఆర్.పురం మండలంలోని పోచవరం రేవు ఉంది. బోటు కదిలిన తర్వాత మొదట నది విశాలంగా, మందంగా ఉంటుంది. పోనుపోను రెండు వైపుల నుంచీ కొండలు దగ్గరకు జరుగుతాయి. ఒక్కొక్క మలుపు దగ్గర ముందున్న దారి మూసుకుపోయిందేమో అనిపిస్తుంది. బోటు ఇంకొంచెం ముందుకు సాగగానే కొండ పక్కకు తప్పుకుని మరో నీటి బాట తెరుచుకుంటుంది.

దారిలో పేరంటాలపల్లి వస్తుంది. అక్కడ కొండరెడ్లు వెదురుతో అల్లిన వస్తువులను అమ్ముతారు. మధ్యాహ్నం బోటులోనే భోజనం. ఆ తర్వాత ఏదో ఒక ఇసుక తిన్నె దగ్గర కాసేపు ఆపుతారు. ఆ తీరానికి రోడ్డు లేదు, అంగడి లేదు, ఫోను మోగదు. పిల్లలు ఇసుకలో గూళ్ళు కడతారు. ఏడాదంతా వంటింట్లో గడిపిన తల్లి ఆ ఒక్క గంటా నీళ్ళలో పాదాలుంచి ఊరికే కూర్చుంటుంది. ఇల్లు దాటడం అరుదైన దాదీ కొండల మీద పాకే మబ్బులను చూస్తూ తస్బీహ్ తిప్పుకుంటుంది. ఇటువంటి ఒక్క రోజు కుటుంబానికి ఎంత మేలు చేస్తుందో చెప్పనక్కరలేదు. భూమి మీద సంచరించి దైవసృష్టిని చూడమని ఖుర్ఆన్ పదేపదే చెబుతుంది. నీటి మీద సాగే నావలను దైవ సూచనల్లో ఒకటిగా పేర్కొంటుంది. కనుక బోటు ప్రయాణం మానుకోమని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. వెళ్ళండి, పెద్దలనూ పిల్లలనూ తీసుకువెళ్ళండి. అయితే వెళ్ళేముందు కొన్ని తేదీలను గుర్తుంచుకోండి.

నాలుగు తేదీలు

2019 సెప్టెంబరు 15, ఆదివారం. దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద 77 మందితో వెళుతున్న రాయల్ వశిష్ఠ అనే విహార బోటు గోదావరిలో మునిగిపోయింది. 26 మంది బతికి బయటపడ్డారు. 51 మందిని నది మింగింది. ఆనాడు గోదావరిలో వరద ఇంకా తగ్గలేదు. సుమారు 5 లక్షల క్యూసెక్కుల నీరు ప్రవహిస్తోంది. అంటే ప్రతి క్షణానికీ దాదాపు ఒక కోటీ 40 లక్షల లీటర్లు. అంతటి నీరు ఇరుకు కొండల నడుమ మలుపు తిరిగేటప్పుడు ఎన్ని సుడులు పుడతాయో ఊహించుకోవచ్చు. ఐదు వారాల తర్వాత, అక్టోబరు 22న, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం బోటును వెలికితీసినప్పుడు కొన్ని మృతదేహాలు ఆ బోటులోనే చిక్కుకుని కనిపించాయి.

అంతకు ఏడాది ముందు, 2018 మే 15న, అదే మండలంలోని మంటూరు వద్ద ఒక లాంచీ గాలివానకు మునిగింది. అందులో ఉన్నవారు విహారానికి వచ్చినవారు కారు. సొంత పనుల మీద రాకపోకలు సాగించే మన్యం ప్రజలు. వాన జల్లు లోపలికి కొట్టకుండా తలుపులు, కిటికీలు మూసుకోవడం వల్ల లాంచీ ఒరిగినప్పుడు చాలామంది బయటికి రాలేకపోయారు.

2017 నవంబరు 12న విజయవాడ సమీపాన కృష్ణా నదిలో, పవిత్ర సంగమం వద్ద, అనుమతి లేని విహార బోటు బోల్తాపడి ఇరవైమందికి పైగా మరణించారు. 2023 మే 7న కేరళలోని తానూరులో, ఒక చేపల వేట పడవను విహార బోటుగా మార్చి, పరిమితికి మించి జనాన్ని ఎక్కించి, పొద్దుగూకే వేళ నీళ్ళలోకి తీసుకుపోయారు. 22 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది పిల్లలు. ఒకే ఇంటికి చెందిన 11 మంది పోయారు. సెలవుల్లో చుట్టాలందరూ కలిసినప్పుడు, పిల్లలు అడిగారని సరదాగా బోటెక్కిన ముస్లిం కుటుంబమది. ఆ వార్త చదివిన ఏ తల్లికైనా తన ఇంటి పిల్లలే కళ్ళముందు మెదిలి ఉంటారు.

ఈ నాలుగింటి కారణాలు ఒక్కటి కావు. ఒకచోట వరద, ఒకచోట గాలివాన, ఒకచోట అనుమతి లేకపోవడం, ఒకచోట మితిమీరిన బరువు. అయితే వీటిలో చాలా సంగతులు బోటు కదలకముందే రేవులో నిలబడినవారి కంటికి కనబడగలిగినవి. ఎర్రగా, ఉధృతంగా పారే నది కనబడుతుంది. కమ్ముకొస్తున్న మబ్బు కనబడుతుంది. కిక్కిరిసిన బోటు కనబడుతుంది. దిగిపోతున్న పొద్దు కనబడుతుంది.

చనిపోయినవారిని నిందించడానికి ఈ మాట అనడం లేదు. ప్రయాణికుల ప్రాణాలకు బాధ్యులు మొట్టమొదట బోటు యజమానులు, వారికి అనుమతులిచ్చే అధికారులు. డబ్బు తీసుకుని మనిషిని నీటి మీదికి తీసుకువెళ్ళేవాడికి ఆ మనిషి ప్రాణం అమానతు. కచ్చులూరు దుర్ఘటన తర్వాత రాష్ట్ర ప్రభుత్వం పర్యాటక బోట్ల రాకపోకలను పర్యవేక్షించడానికి నియంత్రణ గదులను ఏర్పాటు చేసింది. సుదీర్ఘ విరామం తర్వాత 2021లో విహారం మళ్ళీ మొదలైంది. నదీ నౌకల రిజిస్ట్రేషన్, తనిఖీ, సిబ్బంది అర్హత, బీమా వంటి విషయాలపై 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కొత్త చట్టం వచ్చింది. ఇవన్నీ అవసరమైన రక్షణలే. కానీ చట్టం మన పక్కన బోటులో కూర్చోదు. చివరి తనిఖీ చేసే అవకాశం మనకే ఉంటుంది.

నోరు పెగలనివ్వనిది

అన్నీ కళ్ళకు కనబడుతున్నా మనం ఎందుకు ఎక్కుతాం? తెలియక కాదు, చాలాసార్లు మొహమాటం వల్ల. తెల్లవారుజామునే లేచి, పిల్లలను తయారుచేసి, అంత దూరం వచ్చాం. డబ్బు ముందే కట్టాం. వెంట బావగారి కుటుంబం ఉంది. హైదరాబాదు నుంచి వచ్చిన అల్లుడున్నాడు. అందరూ నవ్వుతూ మెట్లెక్కుతుంటే, “ఆగండి, ఈ బోటులో జనం ఎక్కువగా ఉన్నారు” అనడానికి నోరు రాదు. పిరికివాడంటారేమో, ఉల్లాసం చెడగొట్టాడంటారేమో అన్న బెరుకు. లైఫ్ జాకెట్ అడిగితే సిబ్బంది చులకనగా చూస్తారేమో అన్న సంకోచం. “ఇంతమంది ఎక్కుతున్నారు కదా, వాళ్ళకు లేని భయం మనకెందుకు?” అన్న సర్దుబాటు. అలా ఒకరిని చూసి మరొకరు, ఎవరి అనుమానాన్ని వారు మింగేసి, అందరూ ఎక్కుతారు.

ఇంకొక సర్దుబాటు కూడా ఉంది. అది మరింత జాగ్రత్తగా చూడవలసినది. “రాసిపెట్టినది తప్పుతుందా? అంతా అల్లాహ్ చేతిలో ఉంది” అంటారు కొందరు. విధి మీద విశ్వాసం మన ఈమాన్‌లో భాగమే. అయితే దైవప్రవక్త (సఅసం) ఒంటెను కట్టివేసి ఆ తర్వాత దైవాన్ని నమ్ముకోమని బోధించారు. కట్టకుండా వదిలేసి, అది తప్పిపోయాక విధి అనడం తవక్కుల్ కాదు. జాకెట్ తాడు ముడి వేయడం ఒంటెను కట్టడం వంటిదే. ముడి వేశాక బిస్మిల్లాహ్ అని బోటెక్కితే ఆ మాటకు అర్థం నిండుతుంది.

ఈ మొహమాటానికి విరుగుడు కూడా మన సంప్రదాయంలోనే ఉంది. ముగ్గురు కలిసి ప్రయాణమైతే తమలో ఒకరిని అమీర్‌గా ఎన్నుకోవాలన్నది ప్రవక్త (సఅసం) బోధ. మనం దీన్ని జమాఅత్ ప్రయాణాలకు పాటిస్తాం. కుటుంబ విహారాలకు మరచిపోతాం. పాపికొండలకు బయలుదేరే ముందటి రాత్రి, భోజనాల దగ్గర, ఇంటివారంతా కలిసి ఒకరిని అమీర్‌గా నిర్ణయించుకోండి. వయసులో పెద్దవారే కానక్కరలేదు. ‘వద్దు’ అనగలిగినవారు కావాలి. ఆ మనిషి మీ ఇంటి కోడలైనా కావచ్చు, డిగ్రీ చదివే కూతురైనా కావచ్చు. రేవులో ఆ వ్యక్తి ఈ బోటు ఎక్కవద్దు అంటే ఎక్కబోమని, ఎవరూ ఎగతాళి చేయబోమని, పోయిన డబ్బు గురించి ఇంటికి వచ్చాక కూడా ఎత్తిపొడవబోమని అందరూ ఒప్పుకోండి. ముందే ఒప్పందం ఉంటే మొహమాటానికి చోటుండదు. అల్లుడి ముందు మామగారికి గానీ, మామగారి ముందు అల్లుడికి గానీ అది ఇబ్బందికరం కాదు. ముందటి రాత్రి అందరూ కలిసి అప్పగించిన పనినే అమీర్ నెరవేరుస్తారు.

రేవులో చూడవలసినవి

అమీర్ ఏమేమి చూడాలి? మొదట నదిని. వరద కాలంలో బోట్లను ఆపేస్తారు. మళ్ళీ వదిలిన తొలి రోజుల్లో నది ఇంకా కోపంగానే ఉండవచ్చు. నీళ్ళు బురదగా, వేగంగా, చెట్ల కొమ్మలను మోసుకుంటూ పారుతుంటే మరో నెల ఆగడం మంచిది. కొండలు ఎక్కడికీ పోవు. తర్వాత ఆకాశాన్ని. వేసవిలో మధ్యాహ్నం దాటాక లేచే గాలివాన నదిలో ఉన్న బోటుకు పెద్ద ప్రమాదం.

తర్వాత జనాన్ని. బోటు ఎంతమందిని మోయడానికి అనుమతి పొందిందో అడగండి. మీ కుటుంబంతో సహా తలలు లెక్కపెట్టండి. ఒడిలోని పసివారిని కూడా కలపండి. బరువు ఎంత ఉందన్నది ఒక సంగతి, ఎక్కడ ఉందన్నది మరో సంగతి. అందరూ పై అంతస్తుకు ఎక్కితే బోటు తలబరువై తూలుతుంది. కొండ మలుపు రాగానే ఫొటో కోసం అందరూ ఒకేవైపు పరుగెత్తితే ఒరుగుతుంది. ఆ మాట పిల్లలకు ముందే అర్థమయ్యేలా చెప్పండి: కూర్చున్న చోటనే కూర్చుని చూడాలి, కొండ అందరికీ కనబడుతుంది.

తర్వాత జాకెట్లను. గుట్టగా మూలన పడేసినవి, బెంచీల కింద కట్టకట్టి పెట్టినవి ఆపదలో అక్కరకు రావు. బోటు కదలకముందే ఒంటిమీద ఉండాలి. “బాబూ, ముందు జాకెట్లు ఇప్పించండి, తర్వాత ఎక్కుతాం” అని మర్యాదగానే అడగండి. పిల్లలకు పిల్లల కొలత జాకెట్ కావాలి. తొడిగి, బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. అది చెవుల దాకా లేచివచ్చిందంటే వదులుగా ఉన్నట్లే. నీళ్ళలో పడితే జాకెట్ తేలుతుంది, పిల్లవాడు కిందికి జారిపోతాడు. ఉక్కగా ఉందనో, భోజనం వేళ అయిందనో మధ్యలో విప్పవద్దు. తిరిగి రేవుకు చేరి గట్టు మీద కాలు పెట్టేదాకా అది ఒంటి మీదనే ఉండాలి.

తర్వాత దారిని. మీరు కూర్చున్న చోటు నుంచి బయటపడే తలుపు ఎటుందో కూర్చోగానే చూసుకోండి. వృద్ధులను, పిల్లలను అన్నివైపులా మూసిన కింది గదిలో కూర్చోబెట్టకండి. వాన వచ్చినా తలుపులు బిగించుకోవద్దు. తడిసిన బట్టలు ఆరతాయి. చివరగా పొద్దును. తిరుగు ప్రయాణం వెలుతురు ఉండగానే ముగిసేలా ఎన్ని గంటలకు బయలుదేరుతారో ముందే అడగండి. సరంగు మద్యం తాగి ఉన్నాడన్న అనుమానం కలిగితే ఇక ఏ లెక్కా అక్కరలేదు, దిగిపోండి.

ఒకవేళ బోటు ఒరిగితే కింది గదిలో ఉన్నవారు మొదట బయటికి రావాలి. సామాను కోసం వెనక్కి పోరాదు. నీళ్ళలో పడ్డాక ఒడ్డు దగ్గరగా కనిపించినా ప్రవాహానికి ఎదురీదవద్దు. తేలుతున్న దేన్నయినా పట్టుకుని, ప్రవాహంతో పాటు సాగుతూ, కొద్దికొద్దిగా గట్టు వైపు జరగాలి.

మన ఇళ్ళకు సంబంధించిన కొన్ని మాటలు

జాకెట్ తొడగడానికి మన స్త్రీలు సంకోచించడం సాధారణం. పరాయి మగవాళ్ళు వచ్చి బెల్టు బిగిస్తారేమోనన్న బిడియం ఒకటి, బుర్ఖా మీద అది ఎబ్బెట్టుగా ఉంటుందన్న భావం ఒకటి. జాకెట్‌ను బుర్ఖా పైన తొడుక్కోవచ్చు. లోపల వేసుకోవద్దు, ఆపదలో అది విప్పుకోవడానికి, సరిచేసుకోవడానికి వీలుండదు. బెల్టు ఎలా బిగించాలో ఇంటి మగవారు గానీ, ఆడపిల్లల్లో ఒకరు గానీ ముందే నేర్చుకుని మిగతావారికి బిగిస్తే పరాయివారి సహాయంతో పని ఉండదు. పాదాల మీద జీరాడే బరువైన బట్ట నీటిలో తడిస్తే కాళ్ళను కట్టేస్తుంది. ఒళ్ళంతా కప్పుతూనే తేలికగా ఉండి, చీలమండల పైన ఆగే దుస్తులను ఆ రోజుకు ఎంచుకోండి. పరదాకు, ప్రాణరక్షణకు మధ్య వైరం లేదు.

నమాజ్ విషయం. జుహ్ర్, అస్ర్ వేళలు బోటులోనో ఇసుక తిన్నె మీదనో వస్తాయి. బోటు ఊగుతూ, నిలబడితే పడిపోయే స్థితి ఉంటే కూర్చుని చదివే వెసులుబాటు ధర్మమే ఇచ్చింది. పదిమంది లేచి ఒకే పక్కన సఫ్ కట్టి బోటు తూగేలా చేయవద్దు. ఖస్ర్ వర్తిస్తుందా లేదా అన్నది మీ ఊరి నుంచి దూరాన్ని బట్టి ఉంటుంది. బయలుదేరేముందే మీ మస్జిద్ ఇమామ్ సాహెబును అడిగి తెలుసుకోండి. భోజనంలో ఏమి వడ్డిస్తారో కూడా ముందే తెలుసుకుంటే అక్కడ ఇబ్బందిపడనక్కరలేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఈత. మన ఇళ్ళలో మగపిల్లలకే ఈత అరుదైపోయింది; ఆడపిల్లల మాట చెప్పనే అక్కరలేదు. పట్టణాల్లో కొన్ని ఈతకొలనుల్లో స్త్రీలకు ప్రత్యేక వేళలు ఉంటాయి. నేర్పే స్త్రీలూ ఉంటారు. లేని చోట నాలుగు కుటుంబాలు కలిసి అడిగితే అటువంటి వేళలు ఏర్పడతాయి. కూతురి పెళ్ళికి నగలు కూడబెట్టే తండ్రి ఆమెకు ఈత నేర్పించడం కూడా తన బాధ్యతగా భావించాలి.

ఇసుక తిన్నె మీద

బోటు దిగి తిన్నె మీద కాలు పెట్టగానే భయం తీరిపోయినట్లు అనిపిస్తుంది. జాకెట్లు విప్పేస్తారు, పిల్లలు నీళ్ళలోకి దూకుతారు. గోదావరి ఇసుక తిన్నె సముద్ర తీరం వంటిది కాదు. అంచున మోకాలి లోతు నీళ్ళుంటాయి. ఒక్క అడుగు ముందుకు వేస్తే ఇసుక జారిపోయి మనిషి మునిగే లోతు రావచ్చు. పైకి నిలకడగా కనిపించే నీటి అడుగున ప్రవాహం ఉంటుంది. మునుగుతున్న పిల్లవాడు కేకలు వేస్తాడని మనం అనుకుంటాం. నిజానికి కేకవేయడానికి ఊపిరి ఉండదు, నిశ్శబ్దంగా మునిగిపోతాడు. కనుక నీళ్ళకు దగ్గరగా ఉన్నంతసేపూ పిల్లల ఒంటిమీద జాకెట్ ఉండాలి. ఒక పెద్దవారు ఫోను చూడకుండా, కబుర్లు చెప్పకుండా, కేవలం పిల్లలను చూస్తూ నిలబడాలి. అరగంటకొకరు చొప్పున వంతులు వేసుకుంటే అందరికీ విశ్రాంతి దొరుకుతుంది.

ఒడ్డున ఉన్నవారు

కచ్చులూరులో బతికిన 26 మంది సంగతి మళ్ళీ గుర్తుచేసుకుందాం. వారిని కాపాడింది ఏ పెద్ద యంత్రాంగమో కాదు. బోటు మునగడం చూసిన ఆ ఒడ్డు గిరిజనులు ఉన్న పడవలతో వరద నదిలోకి దిగి, తేలుతున్నవారిని పట్టి లాగారు. వారి భాష ఏమిటి, మతం ఏమిటి, ఎక్కడి నుంచి వచ్చారని అడిగే వేళ కాదది. ఒక ప్రాణాన్ని కాపాడటం సమస్త మానవాళినీ కాపాడటంతో సమానమని నమ్మే మనం ఆ పని చేసి చూపినవారిని మరచిపోరాదు.

ఆ తీరంలో నేడు మరో విషాదం కూడా ఉంది. దేవీపట్నం మండలంలోని నదీతీర గ్రామాలు అనేకం పోలవరం ప్రాజెక్టు ముంపు పరిధిలోనివి. కాఫర్ డ్యామ్ వెనుక నీరు నిలిచినకొద్దీ ఊళ్ళు ఖాళీ అయ్యాయి. కోయలు, కొండరెడ్లు తరతరాల ఇళ్ళను, పొలాలను, చెట్లను వదిలి పునరావాస కాలనీలకు తరలివెళ్ళారు. మన బోటు కొన్నిచోట్ల ఒకనాటి ఊరి మీదుగా, ఒకనాటి రచ్చబండ మీదుగా సాగుతుందన్నమాట. పిల్లలు “ఎంత విశాలంగా ఉందో చూడు అబ్బా” అన్నప్పుడు, అందంతోపాటు ఆ సంగతి కూడా వారికి చెప్పండి.

కనుక అక్కడ మనం అతిథులం. అతిథి ఇంటివారి అనుమతి లేకుండా వారి ఆడవారి ఫొటో తీయడు. వారి వేషాన్ని చూసి నవ్వడు. ప్లాస్టిక్ ఆకులు, సీసాలు వారి నదిలోకి విసరడు. తెచ్చినది తిరిగి సంచిలో వేసుకుని తీసుకుపోతాడు. వెదురు బుట్ట అల్లడానికి ఎంతసేపు పట్టిందో ఆలోచించి, పది రూపాయల కోసం బేరమాడకుండా ధర చెల్లిస్తాడు. ఆ బుట్టను ఇంటికి తెచ్చి రోటీలు పెట్టుకుంటే, దాన్ని అల్లినవారి మాట పిల్లలకు చెప్పే సందర్భం తరచూ వస్తుంది.

వెనక్కి తిరిగి వచ్చే హక్కు

రేవు దాకా వెళ్ళి, బోటెక్కకుండా తిరిగివచ్చిన కుటుంబం గురించి ఏ పత్రికా రాయదు. ఆ ఇంటి పిల్లలు ఆ సాయంత్రం అలిగి ఉంటారు. కట్టిన డబ్బు పోయి ఉంటుంది. చుట్టాలు నాలుగు మాటలు అని ఉంటారు. ఆ బోటు క్షేమంగానే వెళ్ళి క్షేమంగానే తిరిగివచ్చి ఉండవచ్చు కూడా. అప్పుడు అనవసరంగా భయపడ్డామని అమీర్‌కే అనిపించవచ్చు. అయినా ఆ నిర్ణయం తప్పు కాదు. బోటు క్షేమంగా తిరిగివచ్చినంత మాత్రాన అది ఎక్కదగిన బోటు అయిపోదు. అల్లాహ్ మన చేతిలో పెట్టిన అమానతులను లెక్కతో చూసుకున్నామా లేదా అన్నదే మనల్ని అడిగే ప్రశ్న.

ఈ శీతాకాలం మీరు పాపికొండలకు వెళ్ళేటట్లయితే, ముందటి రాత్రి దస్తర్‌ఖాన్ ఎత్తకముందే మీ అమీర్ ఎవరో తేల్చుకోండి. ఆ పేరు తేలాకే సామాను సర్దండి.